ఊరెళ్ళిన పిల్లల గడులు

న్యూ సెటిల్‌మెంట్, ఖరగ్‌పూర్
అక్టోబరు 14

ప్రియమైన అత్తకు మణి వందనాలు.

ఫోన్ చేస్తే రెండు ముక్కలు మాట్లాడి పెట్టేస్తావు. ఉత్తరాలు రాస్తే తప్ప నా తెలుగు బాగుపడదంటావు. సరే, రాస్తున్నాను. పోయినసారిలా ఎర్రసిరాతో దిద్ది తిప్పి పంపించకు. నాకిప్పుడు ఇరవై ఆరేళ్ళు, ఇంట్లో పరువు పోతోంది.

ముందు పెద్ద కబురు. బి.ఎడ్. ప్రాక్టీసుకి నన్ను ఎక్కడ వేశారో చెప్పుకో చూద్దాం. మన బడిలోనే, మన తెలుగు సెక్షన్‌లోనే! నువ్వు రిటైరయ్యేదాకా పాఠం చెప్పిన ఆ నాలుగో తరగతి గదిలోనే. మొదటి రోజు గుమ్మంలో కాసేపు ఆగిపోయాను. ఆ గదిలో ఒకసారి నోరు జారి నిన్ను అత్తా అని పిలిచాను, గుర్తుందా? ఇక్కడ నీకు అత్త ఎవరూ లేరు, టీచర్ అను అని బయట నిలబెట్టావు. సాయంత్రం ఇంటికొచ్చి నువ్వే నాకు బెల్లం ముక్క పెట్టావు. నేను అలిగి తినలేదు. నువ్వు నా ముందే దాన్ని నోట్లో వేసుకున్నావు.

గది అలాగే ఉంది. కిటికీలోంచి రైల్వే క్వార్టర్ల వెనక బట్టల తాళ్ళు కనిపిస్తాయి, వర్క్‌షాప్ సైరన్ మోగితే పిల్లలు ఇప్పటికీ పుస్తకాలు మూసేస్తారు. కాకపోతే అప్పుడు మా ఒక్క తరగతే గదికి పట్టేది కాదు. ఇప్పుడు మూడు, నాలుగు, ఐదు కలిపి పద్దెనిమిది మంది. వెనక బెంచీలన్నీ ఖాళీ.

ఇక నా కష్టం విను. ట్రైనింగ్ కాలేజీలో రత్నా దీదీ అని మాకు పాఠాలు చెప్తారు. ప్రతి పిల్లవాడు నెలనెలా ఎంత ముందుకెళ్ళాడో స్ప్రెడ్‌షీట్‌లో చూపించాలని ఆవిడ హుకుం. సిరిల్ అన్నయ్య తన పాత లాప్‌టాప్ ఇచ్చాడు. పేర్లు అక్షరక్రమంలో పెట్టబోయాను. పేర్లు మాత్రం కదిలాయి, మార్కులు ఎక్కడివక్కడే ఉండిపోయాయి. క్షణంలో దేముడు అనే మా అల్లరి పిల్లాడు క్లాసు ఫస్టు అయిపోయాడు! నేను గమనించకుండా వాడికి శభాష్ కూడా చెప్పాను. వాడు ఇంటికెళ్ళి చెప్పేసుకున్నాడు కూడా, ఇప్పుడు వాళ్ళమ్మకి నా మొహం చూపించలేకపోతున్నాను.

మార్కులు బాగుంటే గడి పచ్చగా, తగ్గితే ఎర్రగా మారేట్టు కూడా నేర్చుకున్నాను. మార్చిలో బడి కమిటీ అన్ని సెక్షన్ల షీట్లూ చూస్తుందట. అందుకే జాగ్రత్తగా చేస్తున్నాను.

ఒక్క సంగతి చెప్పు. ఇవేమీ లేనప్పుడు ఎవరు ఎంత ఎదిగారో నీకెలా తెలిసేది?

నీ మేనకోడలు
దేవమణి

టెక్కలి
నవంబరు 3

చిరంజీవి మణికి అత్త దీవెనలు.

నీ ఉత్తరంలో తప్పులు దిద్దలేదు. లెక్కపెట్టి ఊరుకున్నాను.

ఆ గదిలో నువ్వు నిలబడ్డావంటే నాకు నమ్మబుద్ధి కాలేదు. మా చెల్లికి చదివి వినిపించాను. అది నవ్వి, మణి పిల్లల్ని కొడుతోందేమో కనుక్కో అంది. బెల్లం సంగతి అబద్ధం. నేను తినలేదు, మీ నాన్న తిన్నాడు.

నాకెలా తెలిసేదని అడిగావు కదా. శనివారం మధ్యాహ్నం వరండాలో ఒక్కొక్కరినీ పక్కన నిలబెట్టుకుని చదివించేదాన్ని. మొదట్లో అందరూ అక్షరం కింద వేలు పెట్టుకునే చదువుతారు. ఒక రోజు వేలు దానంతటది పక్కకి తప్పుకుంటుంది. వాడికి తెలియదు, నాకు తెలుస్తుంది. ఆ సాయంత్రం వాళ్ళ క్వార్టర్‌కి వెళ్ళి వాళ్ళమ్మతో చెప్పేదాన్ని. మీ వాడు వేలు తీసేశాడమ్మా అంటే ఆ తల్లులు అప్పటికప్పుడు టీ పెట్టేవారు. ఎన్ని ఇళ్ళలో ఎంత టీ తాగానో, ఇప్పుడు ఈ టెక్కలిలో పొద్దున ఒక కప్పు తాగి కూర్చుంటే అదంతా గుర్తొస్తుంది. నాకు ఖరగ్‌పూర్ మీద బెంగ ఉంది మణీ. ఎవరితోనూ అనను, నీతో అంటున్నాను.

ముఖ్యమైన మాట. డిసెంబరు ఆఖర్లో పరీక్ష పెట్టకు. ఏడాది దాటితే రైల్వే ఉద్యోగులకిచ్చే ఉచిత పాసు చెల్లదని అందరూ అప్పుడే ఊరెళ్తారు. ఖరగ్‌పూర్‌లో పుట్టి పెరిగినవాళ్ళకి కూడా ఊరు అంటే పలాసో, సోంపేటో, టెక్కలో కదా. నా పిల్లలకి నేను రైల్లోనే పని అప్పజెప్పేదాన్ని. స్టేషన్ల పేర్లు చదువుకుంటూ వెళ్ళండి, ఇచ్ఛాపురం దగ్గర బోర్డు మీద తెలుగు మొదలవుతుంది, అది ముందు చూసినవాడే మొనగాడు అనేదాన్ని. బండి బరంపురం దాటిన దగ్గర్నుంచి కిటికీల దగ్గర కొట్టుకునేవారట.

కమిటీ షీట్లు చూడటమేమిటి? నా రోజుల్లో ఏ కమిటీ ఏదీ చూడలేదు. సరిగ్గా రాయి.

అత్త
ఆలిస్

న్యూ సెటిల్‌మెంట్, ఖరగ్‌పూర్
జనవరి 6

ప్రియమైన అత్తకు,

నూతన సంవత్సర శుభాకాంక్షలు. క్రిస్మస్‌కి గోల్‌బజార్‌లో ఆకుపచ్చ చీర కొన్నాను, చర్చిలో అందరూ నువ్వు కట్టేదానిలా ఉందన్నారు. కేరల్స్‌కి మన లైనంతా తిరిగాం. నీ పాత క్వార్టర్ ముందు కూడా పాడాం. ఇప్పుడు అందులో బిహార్ వాళ్ళున్నారు. వాళ్ళావిడ మాకు ఠేకువాలని తియ్యటి అప్పాలు పెట్టింది.

నువ్వు చెప్పినా పరీక్ష తేదీ మార్చలేకపోయాను. బడి మొత్తానికి ఒకటే తేదీ. నా పిల్లల్లో ఎనిమిది మంది అప్పటికే పాసుల మీద ఊరెళ్ళిపోయారు. గడి ఏదీ ఖాళీ వదలొద్దని రత్నా దీదీ ముందే చెప్పారు కాబట్టి రానివాళ్ళకి సున్నా వేశాను. మొత్తం షీటు మిరపకాయలు ఆరబోసినట్టు ఎర్రగా అయిపోయింది. రాధారాణి అని నాలుగో తరగతి పిల్ల ఉంది, నెమ్మదిగా అయినా ప్రతి నెలా కొంచెం ఎదుగుతూ వచ్చింది. దాని గీత నవంబరుదాకా మెట్లెక్కి డిసెంబరులో నూతిలో పడిపోయింది. చూస్తుంటే నాకే ఏదోలా ఉంది.

కమిటీ గురించి అడిగావు. ఏముంది, మామూలే. ఏటా ఏదో ఒకటి చూస్తారు. నువ్వు బెంగ పెట్టుకోకు. మోకాళ్ళకి నూనె రాసుకుంటున్నావా?

నీ
మణి

టెక్కలి
జనవరి 19

మణికి,

ఖరగ్‌పూర్ నుంచి చిట్టెమ్మ పాసు మీద ఊరికొచ్చి నిన్న మా ఇంటికి వచ్చింది. దాని మనవడు నీ దగ్గరే చదువుతున్నాడు. వచ్చీ రాగానే, "టీసరమ్మా, మన తెలుగు సెక్షను మూసెత్తారంట కదా, మార్చిలో మార్కులు సూసి తేల్చెత్తారంట, మీ మేనకోడలు సెప్పనేదేటి?" అంది. టీ గ్లాసు చేతిలో ఉంది. తాగకుండా కింద పెట్టేశాను.

నువ్వు చెప్పలేదు. అక్టోబరులోనే తెలుసు నీకు. మామూలే అని రాశావు. నా మోకాళ్ళ గురించి అడిగావు.

నేను పెళ్ళి చేసుకోలేదు, ఇల్లు కట్టుకోలేదు. నాకున్నది ఆ గదే. అది మూసేస్తే నేను ఇన్నాళ్ళూ ఏం చేసినట్టు?

ఇప్పుడు నేను చెప్పినట్టు చెయ్యి. ఆ సున్నాలు తీసెయ్యి. రాధారాణికి ముప్పైకి ఇరవై నాలుగు వెయ్యి. మిగతా ఏడుగురికీ ఇరవై తగ్గకుండా వెయ్యి. వాళ్ళ అమ్మలకీ నాన్నలకీ చదువు చెప్పింది నేనే, ఆ పిల్లలు ఎంతవాళ్ళో నాకు తెలుసు. ఊరెళ్ళకుండా ఉంటే ఆ మార్కులు తెచ్చుకునేవారే కదా. కమిటీవాళ్ళు పచ్చగా ఉందా లేదా అనే చూస్తారు. ఎవరు అడగొచ్చారు?

వెంటనే జవాబు రాయి.

ఆలిస్

న్యూ సెటిల్‌మెంట్, ఖరగ్‌పూర్
ఫిబ్రవరి 9

గౌరవనీయులైన ఆలిస్ టీచరు గారికి,

ఈ ఉత్తరం అత్తకు కాదు. చెప్పింది అత్తయితే నేను ఆ మాట వినేదాన్నేమో. అందుకని టీచరు గారికి రాస్తున్నాను.

మీరు చెప్పిన మార్కులు నేను వెయ్యను. నాలుగో తరగతిలో నేను పక్కపిల్ల పలక చూసి లెక్క రాసి, దొరికిపోయి ఏడిస్తే, మార్కుల కోసం కాదు, రానిది వచ్చినట్టు చూపించినందుకు ఏడు అన్నారు మీరు. ఇప్పుడు మీరే అలా రాస్తే నాకు కోపం వచ్చింది, తర్వాత ఏడుపొచ్చింది. సెక్షన్ సంగతి దాచింది మీకు బాధని ఎలా రాయాలో తెలియక. అది తప్పే, ఒప్పుకుంటాను. కానీ దానికి ఈ దొంగ మార్కులు బదులు కావు.

నాకు కూడా ఆ గది కావాలి టీచర్. సెక్షన్ ఉంటే ఏప్రిల్ నుంచి నాకు అక్కడే ఉద్యోగం ఇస్తామన్నారు. నేను కూడా షీటు తెరిచి మీరు చెప్పిన ఇరవై నాలుగు ఒకసారి టైపు చేసి చూశాను. గడి వెంటనే పచ్చగా మారింది. కాసేపు దాన్నే చూస్తూ కూర్చుని, తుడిపేశాను.

తర్వాత రత్నా దీదీ దగ్గరికి వెళ్ళి, సున్నాకీ ఖాళీకీ తేడా లేదా అని హిందీలో అడిగాను. ఆవిడ నవ్వి, ఖాళీ గడిని కంప్యూటరు సగటులో లెక్కలోకి తీసుకోదు, సున్నాని తీసుకుంటుంది, గడి వదలొద్దన్నది మీరు మర్చిపోతారని, పిల్లలు రాకపోతే రాలేదని రాయండి అన్నారు. వెంటనే ఆ ఎనిమిది గడుల్లో సున్నాలు తీసేసి "ఊరు" అని రాశాను. షీటుకి ప్రాణం లేచొచ్చినట్టయింది.

అక్కడితో ఆగలేదు. పిల్లలు తిరిగొచ్చాక ఆదివారాలు చర్చి అయిపోయాక వాళ్ళ క్వార్టర్లకి వెళ్ళి ఒక్కొక్కరికీ అదే పరీక్ష పెట్టాను. రాధారాణి వాళ్ళింట్లో వాళ్ళ నాయనమ్మ దాలమ్మ ఉంది, ఊరినుంచి వీళ్ళతో వచ్చింది. నేను గుమ్మంలో ఉండగానే అందుకుంది.

"ఏటమ్మా, మా గుంటకి సున్నా ఏసీసినావట? ఊర్లో అది ఊరికే కూకున్నాదేటి? రోజూ నాకు పేపరు సదివి ఇనిపించినాది. నాకు కళ్ళు ఆనవు. ఆగితే తిట్టినాను, సదివితే ముద్దెట్టినాను."

రాధారాణి పుస్తకం తీసుకుని నా పక్కన నిలబడి చదివింది. టీచర్, అక్టోబరులో ఒక వాక్యానికి నాలుగుసార్లు ఆగేది. ఇప్పుడు పేజీ తిప్పింది. నేను ఆపమనేదాకా చదివింది. వేలి కోసం చూశాను. రెండు చేతులతోనూ పుస్తకం పట్టుకుంది.

ఇంటికెళ్ళి అందరి మార్కులూ వేసి చూస్తే ఊరెళ్ళొచ్చిన ఎనిమిది మందికీ తెలుగు చదవడంలో గీత ఒక్కసారిగా లేచింది. లెక్కల్లో లేవలేదు, తెలుగులోనే. ఎక్కడికీ వెళ్ళనివాళ్ళది నేలబారుగా అలాగే ఉంది. వాళ్ళలో ఎక్కువమంది విద్యాసాగర్ ఇండస్ట్రియల్ పార్కులో కాంట్రాక్టు పని చేసేవాళ్ళ పిల్లలు, పాసుల్లేవు, ఊరు చూడనేలేదు. మూడు వారాలు ఊళ్ళో నాయనమ్మలతో, తాతలతో తిరిగితే వచ్చినంత తెలుగు నేను మూడు నెలల్లో నేర్పలేకపోయాను. సున్నా వేసిన చోటే వాళ్ళు ఎక్కువ చదువుకున్నారు.

కమిటీకి ఈ షీటే చూపిస్తాను. ఉన్నది ఉన్నట్టు.

మీ విద్యార్థిని
దేవమణి

టెక్కలి
ఫిబ్రవరి 21

ఉత్తరం అందింది. చలికి ఒళ్ళు బాగాలేదు. రాయడానికి ఓపిక లేదు. చెల్లి బాగుంది.

ఆలిస్

న్యూ సెటిల్‌మెంట్, ఖరగ్‌పూర్
మార్చి 23

అత్తా,

కార్డు వచ్చాక నువ్వు మళ్ళీ రాస్తావని నెలరోజులు చూశాను. నీ కోపం తీరలేదని తెలుస్తోంది. కానీ ఈ కబురు వేరేవాళ్ళు చెప్పకముందు నేనే చెప్పాలి. ఈసారి దాచను.

సెక్షన్ మూసేస్తున్నారు. ఏప్రిల్ నుంచి పిల్లలంతా హిందీ సెక్షన్‌కి వెళ్తారు.

శనివారం కమిటీ కూర్చుంది. సెక్రటరీ ఎవరో తెలుసా, నీ దగ్గర చదువుకున్న మోహనకృష్ణ. వర్క్‌షాప్‌లో సూపర్‌వైజర్ ఇప్పుడు, జుట్టంతా పోయింది. గోడ మీద నా షీటు వేసి చూపించాను. ఊరు అని రాసిన గడులు చూసి, ఇదేటి అన్నాడు. పాసుల సంగతి, నాయనమ్మల సంగతి, గీత లేవడం అన్నీ చెప్పాను. ఒకాయన నోట్ కూడా రాసుకున్నాడు. గెలిచామనుకున్నాను అత్తా, నిజంగా అనుకున్నాను.

అప్పుడు మోహనకృష్ణ కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ అన్నాడు.

"మార్కులు బాగున్నాయమ్మా. పిల్లలేరీ?"

షీటులో కింద చూశాను. ఒకటో తరగతి వరస ఖాళీ, రెండో తరగతి వరస ఖాళీ. రెండేళ్ళుగా ఒక్క పిల్లనీ చేర్చలేదు ఎవరూ. ఆయన పిల్లలు ఇంగ్లీషు బడిలో. మా అన్నయ్య పిల్లలూ అక్కడే. నేనెవరిని అనను? ఆయనకి కూడా బాధగానే ఉంది, బయటికొచ్చాక నీ ఆరోగ్యం ఎలా ఉందని అడిగాడు, నీ దగ్గర దెబ్బలు తిన్నానని చెప్పుకుని మురిసిపోయాడు. మురిసిపోయాడే గాని ఓటు మాత్రం మూసెయ్యడానికే వేశాడు.

ఇంకోటి ఉంది. ఇది రాయడానికే సిగ్గుగా ఉంది. షీటు నచ్చిందట. ఏప్రిల్ నుంచి హిందీ సెక్షన్‌లో లెక్కలు చెప్పమని, బడి మొత్తానికి ఇలాంటి షీట్లు తయారు చెయ్యమని నాకు ఉద్యోగం ఇచ్చారు. నీ గదిని కాపాడలేని షీటు నాకు మాత్రం కూడు పెట్టింది. ఇంకా సరే అనలేదు. నాన్న వెళ్ళమంటున్నాడు. నువ్వు వద్దంటే మానేస్తాను.

ఆఖరి రోజు పిల్లలు బోర్డు తుడవనివ్వలేదు. దేముడు గాడు తన పేరు రాసి చుట్టూ గీత గీశాడు. అందరూ రాశారు. తాళం వేసి ఇంటికొచ్చి లాప్‌టాప్ తెరిచాను. నా షీటు మార్చితో ఆగిపోయింది. ఆ తర్వాతి గడులు చూడలేక మూసేశాను.

అత్తా, ఏదైనా రాయి. తిట్టినా పరవాలేదు.

మణి

టెక్కలి
ఏప్రిల్ 6

దేవమణి టీచరుకు,

నీ ఉత్తరం చదివి రెండు రోజులు అన్నం సయించలేదు. దాచడమెందుకు, గట్టిగానే ఏడ్చాను. చెల్లి భయపడి పాస్టరు గారిని పిలిచింది. ఆయన ప్రార్థన చేసి వెళ్ళారు. మూడో రోజు ఆకలేసింది.

ఫిబ్రవరిలో నాకు జ్వరమేమీ లేదు. నీకు ఏం రాయాలో తెలియక అలా రాశాను. నువ్వు చెప్పింది రైటని ఆ రోజే తెలుసు, ఒప్పుకోవడానికి నోరు రాలేదు. ఇరవై నాలుగు వేసి ఉంటే సెక్షన్ ఎలాగూ పోయేది, నువ్వు కూడా పోయేదానివి. మోహనకృష్ణ అడిగింది న్యాయమే. వాడిని నేను కొట్టలేదు, చెవి మెలిపెట్టానంతే. గొప్పలు చెప్పుకుంటున్నాడు.

ఉద్యోగానికి వెళ్ళు. సిగ్గుపడితే నేనే అక్కడికొచ్చి బయట నిలబెడతాను. హిందీ సెక్షన్‌లో కూర్చున్నా వాళ్ళు మన పిల్లలే. నా దగ్గర చదివినవాళ్ళ పిల్లలు లెక్కల్లో ఎక్కడ ఆగుతున్నారో చూసేవాళ్ళు ఒకరుండాలి కదా.

ఇప్పుడు అసలు సంగతి. దాలమ్మ ఊరు మాకు దగ్గరే. సోమవారం ఆటో కట్టించుకుని వెళ్ళాను. ఖరగ్‌పూర్ నుంచి తిరిగొచ్చేసింది, ఇంట్లోనే ఉంది. నన్ను చూసి, మీరేనా ఆ పెద్ద టీసరు అని చాప వేసింది. వేసవి సెలవులకి చుట్టుపక్కల ఊళ్ళకి మన పిల్లలు చాలామంది వస్తారని చెప్పింది. పాస్టరు గారిని అడిగితే చర్చి వరండా పొద్దున పూట ఇస్తామన్నారు. దాలమ్మ ముసలివాళ్ళందర్నీ తీసుకొస్తానంది. ఒక్కో పిల్లకి ఒక ముసలమ్మ, ఒక పేపరు. నేను మధ్యలో కూర్చుంటాను. చెల్లి టీ పెడుతుంది.

పాసుల్లేని పిల్లలున్నారన్నావే, ఇండస్ట్రియల్ పార్కు వాళ్ళు. వాళ్ళ అమ్మానాన్నల్ని అడిగి సెలవులివ్వగానే నువ్వే వెంటబెట్టుకురా. మా ఇంట్లో పడుకుంటారు. ఇచ్ఛాపురం దగ్గర కిటికీలు పంచుకోమని చెప్పు, కొట్టుకోనివ్వకు.

నెలాఖరున నేనే పరీక్ష పెడతాను. వచ్చినన్నే వేస్తాను, రానివాళ్ళకి రాలేదని రాస్తాను. నీ షీటు మార్చితో ఆగిపోయిందన్నావు. ఆపకు. దాని పక్కన మే అని ఒక వరస తెరిచి పెట్టు.

అత్త
ఆలిస్